సినిమా సౌండ్ లోగోలను ఇంటి వీడియోల్లో వాడుకోవాలంటే: బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల వారికి దరఖాస్తు విధానం

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగు కుటుంబాల పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలకు తరచుగా వచ్చే కోరిక ఒకటుంది: థియేటర్‌లో బొమ్మ మొదలయ్యే ముందు వినిపించే, సినిమా ధ్వని సాంకేతికతకు పేరున్న డాల్బీ, డీటీఎస్ లేదా టీహెచ్‌ఎక్స్ ట్రైలర్‌ను (సౌండ్ లోగో అనే ఆ చిన్న ముక్కను) తమ వీడియో మొదట్లో పెట్టాలని. ఫైలు దొరకడం కష్టం కాదు, అతికించడం అంతకన్నా తేలిక. దాన్ని వాడుకునే హక్కు మాత్రం ఫైలుతో పాటు రాదు.

ఇలాంటి ట్రైలర్ మీద రెండు రకాల హక్కులుంటాయి. బొమ్మకూ ధ్వనికీ 1957 నాటి కాపీరైట్ చట్టం రక్షణ ఇస్తుంది. పేరుకూ లోగోకూ 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం వర్తిస్తుంది. ధ్వని ఇంజినీరు జేమ్స్ మూరర్ రూపొందించిన టీహెచ్‌ఎక్స్ ధ్వని 1983లో తెరమీదికి వచ్చింది కనుక, మన చట్టంలోని 60 ఏళ్ల లెక్కన దాని కాపీరైట్ 2043 చివరి వరకు ఉంటుంది. ట్రేడ్‌మార్కును పదేళ్లకోసారి పునరుద్ధరించుకుంటూ పోవచ్చు కాబట్టి ఆ హక్కుకు గడువంటూ ఉండదు.

మీ ఇంట్లో మీరు తీసుకున్న వీడియోకు ట్రైలర్ జోడించి మీ వాళ్లతో కూర్చుని చూసుకుంటే, కాపీరైట్ చట్టం సెక్షన్ 52లోని వ్యక్తిగత వినియోగం మినహాయింపు మీకు అండగా ఉంటుంది. అదే వీడియోను స్టూడియో డబ్బు తీసుకుని పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా, ఎవరైనా యూట్యూబ్‌లో పెట్టినా ఆ అండ ఉంటుందని నమ్ముకోకూడదు. పెళ్లి వేడుకల్లో పాటలు వినిపించడానికి అదే సెక్షన్‌లో మరో మినహాయింపు ఉన్న మాట నిజమే కానీ, అది వేడుకలో వినిపించడానికే గాని ఒకరి ట్రైలర్‌ను మీ వీడియోలో చేర్చి అమ్ముకోవడానికి కాదు. తెలిసి ఉల్లంఘిస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష, రూ.50,000 నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి.

ఈ అనుమతిని ఏ ప్రభుత్వ కార్యాలయమూ ఇవ్వదు. హక్కుదారైన కంపెనీయే సెక్షన్ 30 ప్రకారం లిఖితపూర్వకంగా ఇవ్వాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో ట్రేడ్‌మార్కులు, న్యాయ వ్యవహారాలకు సంబంధించిన పేజీ చూసి, అక్కడి చిరునామాకు ఇంగ్లిషులో లేఖ రాయండి. అందులో ఉండవలసిన విషయం ఇది: ‘బరంపురంలోని మా స్టూడియో తీసిన పెళ్లి వీడియో మొదట్లో మీ ఫలానా ట్రైలర్‌ను ఏ మార్పూ లేకుండా ఒక్కసారి వాడదలచాము. వీడియోను కుటుంబానికి పెన్‌డ్రైవ్‌లో ఇస్తాము, యూట్యూబ్‌లో కూడా ఉంచుతాము. ధ్వని ఫలానా రూపంలో తయారైంది. ప్రపంచమంతటా, పదేళ్లపాటు అనుమతి కోరుతున్నాము.’

చివరి వాక్యాన్ని వదిలేయకండి. అనుమతి పత్రంలో కాలం రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశమనీ చట్టం భావిస్తుంది. దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉన్న మేనమామ అదే లింకు తెరిచి చూస్తాడు కదా! ధ్వని రూపం గురించి కూడా నిజమే రాయాలి. మామూలు స్టీరియో వీడియోకు ముందు సరౌండ్ సౌండ్ (చుట్టూ ఉన్న స్పీకర్ల నుంచి వినిపించే ధ్వని) లోగో వేయడం చూసేవారికి అబద్ధం చెప్పడమే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డాల్బీ రూపంలో ధ్వనిని భద్రపరిచే వీలున్నంత మాత్రాన లోగో వాడుకునే హక్కు రాదు. జవాబు రాకపోతే అనుమతి లేనట్టే.

చిన్న స్టూడియోలకు ఇంతకంటే మేలైన దారి సొంత సౌండ్ లోగో చేయించుకోవడమని నా గట్టి అభిప్రాయం. మన ఊళ్లలో సన్నాయి, డోలు వాయించేవారు ఉన్నారు. వారితో కొత్త బాణీ కట్టించి, హక్కు మీకే చెందుతుందని రాయించుకుని, తగిన పారితోషికం ఇవ్వండి. దాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవడానికి టీఎం-ఎ ఫారం నింపాలి. ధ్వనిని 30 సెకన్లు మించకుండా ఎంపీ3 రూపంలో, దాని స్వరలిపితో సహా జతచేయాలి. ట్రేడ్‌మార్కుల నమోదులో సరుకులనూ సేవలనూ తరగతులుగా విభజించారు; పెళ్లి వీడియోల సేవకు 41వ తరగతి సరిపోతుంది. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ రుసుము ఆన్‌లైన్‌లో రూ.4,500, కాగితం మీద రూ.5,000, చిన్న సంస్థగా దరఖాస్తు చేస్తే ఉద్యమ్ ధ్రువపత్రం (చిన్న సంస్థగా ప్రభుత్వం వద్ద నమోదైన పత్రం) జతచేయాలి. ఒకటి రెండు స్వరాల మోతకో, అందరికీ తెలిసిన పాటకో నమోదు దొరకడం కష్టం.

సరిహద్దులో ఉన్నవారు ఇక్కడే జాగ్రత్త పడాలి. వ్యాపారం ప్రధానంగా బరంపురంలో ఉంటే దరఖాస్తు కోల్‌కతాలోని ట్రేడ్‌మార్కుల కార్యాలయం పరిధిలోకి, పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఇచ్ఛాపురంలో ఉంటే చెన్నై పరిధిలోకి వస్తుంది. రెండు చోట్లా గిరాకీలున్నా ప్రధాన కార్యస్థానం ఏదో అదే రాయాలి.

దరఖాస్తును పరిశీలించి ఆ కార్యాలయం పంపే పరీక్షా నివేదికలో అభ్యంతరాలుంటే అది అందిన 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో ప్రచురితమయ్యాక ఇతరులు వ్యతిరేకత తెలపడానికి నాలుగు నెలల గడువుంటుంది. నమోదు పూర్తయితే హక్కు దరఖాస్తు తేదీ నుంచి పదేళ్లు వర్తిస్తుంది. అంతవరకు లోగో పక్కన ‘టీఎం’ అని మాత్రమే వేయండి. నమోదు కాకముందే వృత్తంలో ‘ఆర్’ గుర్తు (నమోదైందని చెప్పేది) వేయడం ట్రేడ్‌మార్కుల చట్టం సెక్షన్ 107ను ఉల్లంఘించడమే, దానికి జరిమానా పడుతుంది.