ఇంట్లో కట్టిన వాల్వు ఆంప్లిఫయర్ మొరాయిస్తే

వాల్వు (వాక్యూమ్ ట్యూబు) ఆంప్లిఫయర్‌లో ఏ భాగం చెడినా దాని చుట్టుపక్కల వోల్టేజీ మారిపోతుంది. అనుమానం వచ్చిన భాగాన్నల్లా పీకి కొత్తది వేస్తూ పోయేకన్నా నాలుగు పిన్నుల దగ్గర మీటరు పెట్టి చూస్తే లోపం త్వరగా తేలుతుంది. ఇక్కడి అంకెలు ఒక మామూలు సర్క్యూట్‌కు సంబంధించినవి: ముందు దశలో ఈసీసీ83 వాల్వు, అవుట్‌పుట్‌లో ఒకే ఈఎల్84 వాల్వు, హెచ్‌టీ (వాల్వు ప్లేట్లకు వెళ్లే ఎక్కువ వోల్టేజీ డీసీ సరఫరా) 250 వోల్టులు.

ముందుగా ప్రాణం సంగతి. ప్లగ్గు పీకేశాక కూడా హెచ్‌టీని నునుపు చేసే ఫిల్టర్ కండెన్సర్లలో మనిషిని చంపగలిగే ఛార్జి నిలిచి ఉంటుంది. 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో హెచ్‌టీకీ ఛాసిస్‌కూ (లోహపు చట్రానికీ) మధ్య పది సెకన్లు పెట్టండి. తర్వాత మీటరుతో చూసి, 10 వోల్టుల లోపు ఉంటేనే లోపల చెయ్యి పెట్టండి. కరెంటు ఉండగా కొలిచేటప్పుడు నల్ల ప్రోబును ఛాసిస్‌కు క్లిప్పుతో బిగించి, ఒక్క చేత్తోనే పని చెయ్యండి. ఛాసిస్‌కు ఎర్త్ తప్పనిసరి. స్పీకరు గానీ, 8 ఓముల 10 వాట్ల రెసిస్టర్ గానీ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చెయ్యకండి. లోడు లేని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో సిగ్నల్ వచ్చినప్పుడు వోల్టేజీ ఎగసి ఇన్సులేషన్ తెగిపోవచ్చు.

కట్టినప్పటి నుంచీ పలకడం లేదు

పనిచేసి ఆగిపోయిన సెట్టులో భాగం చెడి ఉంటుంది. ఒక్కసారి కూడా పలకని సెట్టులో చాలాసార్లు భాగాలన్నీ బాగానే ఉంటాయి, వైరింగే తప్పు. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది పిన్నుల లెక్క తిరగబడటం. సాకెట్‌ను అడుగు నుంచి, అంటే సోల్డర్ చేసే వైపు నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిశలో లెక్కపెట్టాలి. పైనుంచి లెక్కపెడితే మొత్తం వైరింగు అద్దంలో బొమ్మలా తారుమారవుతుంది.

రెండోది ఈసీసీ83 హీటరు. 6.3 వోల్టులతో నడపాలంటే 4, 5 పిన్నులను కలిపి ఒక తీగ, 9కి రెండో తీగ ఇవ్వాలి. 4కీ 5కీ మధ్య 6.3 ఇస్తే హీటర్‌కు సగం వోల్టేజీయే అందుతుంది. వాల్వు మసగ్గా వెలుగుతుంది తప్ప సరిగా పలకదు.

ఆన్ చెయ్యగానే ఫ్యూజు పోతోంది

ఫ్యూజులు మార్చుకుంటూ పోవద్దు. 60 వాట్ల ఫిలమెంటు బల్బును మెయిన్స్‌తో సిరీస్‌లో పెట్టండి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి తగ్గితే పర్వాలేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే షార్టు ఉంది. అప్పుడు రెక్టిఫయర్ వాల్వు (ఏసీని డీసీగా మార్చేది) తీసి చూడండి. బల్బు తగ్గితే లోపం రెక్టిఫయర్‌లోనో, దాని తర్వాతి కండెన్సర్లలోనో ఉంది. తగ్గకపోతే ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ తీగలన్నీ విప్పి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ట్రాన్స్‌ఫార్మరే పోయింది.

రెక్టిఫయర్ పక్కనుండే మొదటి ఫిల్టర్ కండెన్సర్ ఎంత పెద్దదైతే అంత మంచిదని 100 మైక్రోఫారడ్‌లది వేస్తుంటారు. ఈజెడ్81 రెక్టిఫయర్‌కు 50 మైక్రోఫారడ్‌లే హద్దు. అది దాటితే ఆన్ చేసినప్పుడల్లా వాల్వు లోపల నిప్పురవ్వలు లేచి, కొన్నాళ్లకు అదే షార్టవుతుంది.

అవుట్‌పుట్ వాల్వు ప్లేట్ ఎర్రబడుతోంది

వెంటనే ఆఫ్ చెయ్యండి. వాల్వుకే కాదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కూ ముప్పే. ఈఎల్84 ప్లేట్ (లోపల కరెంటును అందుకునే లోహపు రేకు) మోయగలిగేది 12 వాట్లు. 135 ఓముల కాథోడ్ రెసిస్టర్ మీద 7.3 వోల్టులు ఉంటే ప్లేట్, స్క్రీన్ (రెండో గ్రిడ్) కరెంట్లు కలిపి 54 మిల్లీ ఆంపులు, అదే సరైన స్థితి.

మళ్లీ ఆన్ చేసి, వాల్వు వేడెక్కగానే 3వ పిన్ను (ఎలక్ట్రాన్లను వదిలే కాథోడ్), 2వ పిన్ను (సిగ్నల్ వచ్చే గ్రిడ్) చకచకా కొలిచి ఆఫ్ చెయ్యండి.

గ్రిడ్ మీద సున్నా ఉండాలి. పాజిటివ్ వోల్టేజీ కనబడి, కాథోడ్ మీద 12కు పైన ఉంటే దోషి ముందు దశ సిగ్నల్‌ను గ్రిడ్‌కు అందించే కప్లింగ్ కండెన్సరో, వాల్వో తేల్చుకోవాలి. ఆఫ్ చేసి, వాల్వు పీకి, మళ్లీ ఆన్ చేసి ఖాళీ సాకెట్‌లో 2వ పిన్ను కొలవండి. వోల్టేజీ ఇంకా ఉంటే కండెన్సర్ కారుతోంది. ముందు దశ ప్లేట్ వోల్టేజీ దాని గుండా గ్రిడ్ మీదకు వస్తోందన్నమాట. అదే విలువలో 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్ వెయ్యండి. వాల్వు తీయగానే సున్నా అయితే వాల్వులో గ్యాస్ చేరింది, మార్చక తప్పదు. వాల్వు లేనప్పుడు లోడు తగ్గి హెచ్‌టీ పెరుగుతుంది కనుక ఈ పరీక్ష అర నిమిషంలో ముగించండి.

గ్రిడ్ సున్నా, కాథోడ్ కూడా సున్నా అయితే కాథోడ్ రెసిస్టర్ పక్కనున్న బైపాస్ కండెన్సర్ షార్టయింది. గ్రిడ్ వోల్టేజీ నిలకడ లేకుండా తేలుతుంటే, ఆఫ్ చేసి 2వ పిన్ను నుంచి ఛాసిస్‌కు ఓములు కొలవండి. 470 కిలో ఓముల దరిదాపుల్లో రాకపోతే గ్రిడ్ లీక్ రెసిస్టర్ తెగింది, లేదా దాని టంకం ఊడింది.

వీటన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది చెవికి అందని ఆసిలేషన్ (ఆంప్లిఫయర్ తనంతట తానే కంపించడం). శబ్దమేమీ ఉండదు, భాగాలన్నీ బాగుంటాయి, ప్లేట్ మాత్రం ఎర్రబడుతుంది. ప్రోబు తగిలించినప్పుడో, చెయ్యి ఛాసిస్ దగ్గరికి తెచ్చినప్పుడో రీడింగు గెంతుతుంటే దీన్నే అనుమానించండి. 2వ పిన్నుకు 4.7 కిలో ఓములు, స్క్రీన్ అయిన 9వ పిన్నుకు 100 ఓములు, రెసిస్టర్ శరీరం పిన్నుకు ఆనుకునేలా సోల్డర్ చెయ్యండి. రెండంగుళాల తీగ చివర పెట్టిన రెసిస్టర్ వల్ల ప్రయోజనం లేదు.

హమ్ ఆగడం లేదు

వాల్యూమ్ సున్నాకు తిప్పండి. హమ్ (గుయ్‌మనే మోత) పోతే అది ఇన్‌పుట్ వైపు నుంచి వస్తోంది: కేబుల్ షీల్డు, ఇన్‌పుట్ సాకెట్ గ్రౌండు చూడండి. మారకపోతే ఫోనులో స్పెక్ట్రమ్ యాప్ పెట్టి స్వరం కొలవండి. 50 హెర్ట్జ్ మెయిన్స్ ఉన్నచోట 100 హెర్ట్జ్ వస్తే ఫిల్టర్, 50 వస్తే హీటరు (60 హెర్ట్జ్ మెయిన్స్ అయితే 120, 60).

100 అయితే, ఆఫ్ చేసి, పాత కండెన్సర్‌కు సమాంతరంగా 47 మైక్రోఫారడ్‌లు, 450 వోల్టులది కట్టి ఆన్ చెయ్యండి. రెక్టిఫయర్ పక్కది కాకుండా తర్వాతి దానికి కట్టాలి. హమ్ తగ్గితే పాతది ఎండిపోయింది. తగ్గకపోతే గ్రౌండు దారి తప్పు. మొదటి కండెన్సర్ నెగటివ్ తీగ నేరుగా ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్‌కు వెళ్లాలి, అక్కడి నుంచి ఒక్క తీగ మిగతా గ్రౌండుకు. అలా కాక ఛాసిస్‌లో ఎక్కడో కలిపితే ఛార్జింగ్ కరెంటు సిగ్నల్ గ్రౌండు గుండా పారుతుంది. ఎన్ని కండెన్సర్లు వేసినా ఆ మోత పోదు.

50 అయితే హీటర్ వైండింగు గాల్లో తేలుతోందేమో చూడండి. సెంటర్ ట్యాప్ లేకపోతే రెండు కొసల నుంచీ చెరొక 100 ఓముల రెసిస్టర్‌ను గ్రౌండుకు వెయ్యండి. హీటర్ తీగలను బిగువుగా పేని ఛాసిస్ మూలకు నొక్కండి. అప్పటికీ ఉంటే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు సోకుతోంది. రెండిటి కోర్లనూ లంబంగా తిప్పండి.

వేడెక్కగానే ఊళ వేస్తోంది

ఫీడ్‌బ్యాక్ తీగ (అవుట్‌పుట్ నుంచి కొంత సిగ్నల్‌ను ముందు దశకు తిరిగి పంపేది) విప్పండి. ఊళ ఆగితే ఫీడ్‌బ్యాక్ తిరగబడింది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ తీగలు రెండూ తారుమారు చేస్తే సరి. ఊళ కాక పడవ ఇంజనులా టకటకమంటుంటే ఈసీసీ83కి సరఫరా ఇచ్చే డీకప్లింగ్ కండెన్సర్ మార్చండి.

పలుకుతోంది, కానీ బలం లేదు

ప్లేట్ రెసిస్టర్ 100 కిలో ఓములు, కాథోడ్‌ది 1.5 కిలో ఓములు అయితే ఈసీసీ83 ప్లేట్ మీద సుమారు 165, కాథోడ్ మీద 1.3 వోల్టులు రావాలి. ప్లేట్ మీద 250 ఉంటే వాల్వులో కరెంటు పారడం లేదు. సున్నా ఉంటే ప్లేట్ రెసిస్టర్ తెగింది. అంకెలన్నీ సరిగా ఉండి గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో అది) సగానికి పడిపోతే కాథోడ్ బైపాస్ కండెన్సర్ ఎండిపోయింది.

చిటపటలు వస్తుంటే ఎండిన చెక్క పుల్లతో ఒక్కొక్క జాయింటునూ, వాల్వునూ మెల్లగా తట్టండి. ఎక్కడ తడితే శబ్దం మారుతుందో అక్కడే టంకం తిరిగి వెయ్యండి. ఎక్కడ తట్టినా మారకుండా వస్తుంటే ఈసీసీ83 ప్లేట్ దగ్గరి కార్బన్ రెసిస్టర్‌ను తీసి మెటల్ ఫిల్మ్‌ది వెయ్యండి.