గోదావరి డెల్టాలో ఇంటి గోడల చెమ్మ తగ్గించడం ఎలా?

కోనసీమలో గానీ, భీమవరం, నరసాపురం వైపు గానీ పాత ఇళ్ల గోడలు చూడండి. గచ్చు నుంచి మోకాలెత్తు వరకు రంగు ఉబ్బి, తెల్లగా ఉప్పు పూసి, పెచ్చులు రాలుతుంటాయి. సంక్రాంతికి దానిమీదే రంగు వేయిస్తారు, వానలు పడగానే మళ్లీ మొదలు. రంగుతో చెమ్మ పోదు. నీరు ఎక్కడినుంచి వస్తోందో తేలాకే డబ్బు తీయండి.

అది తేల్చడం సులువే. చెమ్మగా ఉన్నచోట పెచ్చులు గీకేసి, అడుగు పొడవూ అడుగు వెడల్పూ ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించండి. రెండు రోజులాగి చూడండి. గది వైపు తడి ఉంటే అది గాలిలోని తేమ. గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోనే ఉంది. అది గోడ పైభాగంలో అయితే శ్లాబు పగులో, సన్‌షేడో, పైపు లీకేజీయో చూసుకోవాలి. కింది నుంచి ఎక్కుతుంటే నేల నెమ్ము.

మన దగ్గర ఎక్కువ బాధ పెట్టేది ఈ నేల నెమ్మే. సార్వా, దాళ్వా అనే రెండు వరి పంటలకీ కాలువలు పారుతూ, చేలు నీళ్లతో నిండి ఉంటాయి కాబట్టి భూగర్భజలం పైపైనే ఉంటుంది. వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక ఆ నీటిని పైకి లాగుతుంది. నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను కూడా పట్టేస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలోనూ, ఉప్పునీటి రొయ్యల చెరువుల పక్కనా ఇది ఇంకా ఎక్కువ.

పని బయట మొదలుపెట్టండి. వీధి రోడ్డు ఎత్తు పెరిగీ పెరిగీ చాలా ఇళ్లు పల్లంలో పడిపోయాయి. గోడకు ఆనుకున్న మట్టి తవ్వేసి, ఇంటి గచ్చు కంటే కనీసం ఆరంగుళాలు కిందికి దించండి. చూరు నీరు, కుళాయి నీరు గోడ మొదట్లో నిలవకుండా వాలు పెట్టండి. చాలా ఇళ్లలో ఇంతమాత్రానికే తేడా తెలుస్తుంది.

తర్వాత ప్లాస్టరింగ్. దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసిన ఎండాకాలమే దీనికి అదను. చెమ్మ గీతకు మరో అడుగు పైదాకా పాత పూత కొట్టించి, ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. గోడను ఆరినంతకాలం ఆరనివ్వండి. గానుగ సున్నంతో కట్టిన పాత గోడకు సున్నపు పూతే వేయించండి. సిమెంటో, టైల్సో, ఎనామిల్ రంగో వేస్తే బయటికి పోయే దారిలేక నీరు ఇంకా పైకి ఎక్కుతుంది. కొత్తగా కట్టుకునేవాళ్లు పునాది మీద డీపీసీ (నేల నీరు గోడలోకి ఎక్కకుండా ఆపే పొర) తెగకుండా వేస్తున్నారో లేదో మేస్త్రీ పక్కనే నిలబడి చూసుకోవాలి.

గాలిలో తేమ అయితే ఖర్చు తక్కువ. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి, ఉడికే గిన్నెలపై మూత పెట్టండి, బట్టలు పడగ్గదిలో ఆరేయకండి. బీరువాను గోడకు మూడు నాలుగంగుళాలు ఎడంగా జరపండి. ఏసీని మరీ తగ్గిస్తే చల్లబడిన గోడకు అవతలి వైపు పక్కగది తేమ పట్టి బూజు రావచ్చు. కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉంచమనే సలహా మన వానాకాలానికి పనికిరాదు. ముసురు పట్టినప్పుడు తేమ లోపలికే వస్తుంది. గచ్చు చెమర్చిన రోజు కిటికీలు మూసి ఫ్యాను వేసి, ఎండ కాశాక తెరవండి.

పట్టిన బూజును పొడిగా దులపకండి, అది గదంతా లేస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. ఆయాసం ఉన్నవాళ్లనూ చంటిపిల్లలనూ ఆ గదిలో ఉంచొద్దు. బ్లీచింగ్ వాడితే అందులో యాసిడ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

చెమ్మ గోడ మీద స్విచ్ బోర్డు ఉంటే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి, ముందు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. బోర్డును పొడి గోడకు మార్పించి, షాక్ తగలగానే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించండి.