బ్లాక్ మెటల్ గిటార్, 5వ పాఠం: చెయ్యి పరుగు, పాట నడక

పోయిన పాఠంలో ఒక్క తీగ మీద ట్రెమొలో పికింగ్ (పిక్‌ని కిందికీ పైకీ ఆపకుండా వేగంగా కొట్టడం) మొదలుపెట్టాం. మెట్రోనోమ్‌ని 90 క్లిక్ (నిమిషానికి 90 బీట్లు) మీద పెట్టి బీటుకి నాలుగు దెబ్బలు, అంటే సెకనుకి ఆరు, రెండు నిమిషాల పాటు ముంజేయి బిగుసుకోకుండా వస్తుంటే ముందుకు రండి. రాకపోతే ఇంకో వారం అక్కడే ఉండండి. ఇక్కడ తొందరపడితే మణికట్టు పట్టేస్తుంది.

ఈసారి వినాల్సింది నార్వే బ్యాండ్ ఎన్‌స్లేవ్డ్ ఈపీ (ఆల్బమ్ కంటే చిన్న రికార్డు) 'హోర్డానెస్ లాండ్', 1993లో క్యాండిల్‌లైట్ లేబుల్ మీద వచ్చింది. ఉన్నవి మూడే పాటలు, అందులో మొదటిదే దాదాపు 13 నిమిషాలు. గిటార్ వాయించిన ఈవార్ బ్యోర్న్‌సన్‌కి అప్పటికి పదహారేళ్లు కూడా నిండలేదు. ఈ బ్యాండు చాలా ఏళ్ల తర్వాత ప్రోగ్రెసివ్ బాట పట్టిందంటారు గానీ, నన్నడిగితే ఆ బాట ఇక్కడే మొదలైంది. మొదటి పాట రెండుసార్లు వినండి. తొలిసారి పిక్ దెబ్బలు గమనించండి, రెండోసారి స్వరం ఎక్కడెక్కడ మారుతోందో అదొక్కటే చూడండి. చెయ్యి పరిగెడుతూనే ఉంటుంది, స్వరం మాత్రం తాపీగా కదులుతుంది. ఈ సంగీతంలో వినబడే పొగమంచు లాంటి ధ్వని అంతా పుట్టేది ఈ తేడాలోనే. రివర్బ్ (ప్రతిధ్వని) పెడల్ సంగతి తర్వాత.

ఇప్పుడు గిటార్ తీయండి. చూపుడు వేలు ఐదో తీగ 7వ ఫ్రెట్ మీద (ఇ స్వరం), ఉంగరం వేలు నాలుగో తీగ 9వ ఫ్రెట్ మీద (బి). రెండు తీగల్నీ కలిపి ట్రెమొలో చేయండి. రెండు బార్లయ్యాక (బారుకి నాలుగు బీట్లు) నాలుగో తీగ మీదే చిటికెన వేలు 10వ ఫ్రెట్ మీదికి, మళ్లీ రెండు బార్లకి 9కి, చివరి రెండు బార్లకి చూపుడు వేలే పడుకోబెట్టి 7కి. కింది 'ఇ' మాత్రం తంబురా శ్రుతిలా కదలకుండా మోగుతూ ఉండాలి. 9 నుంచి 10కి వెళ్లేటప్పుడు కదిలేది ఒక్క అర్ధస్వరమే, అయినా గది రంగు మారినట్టుంటుంది. ఆ మార్పు వినబడే దాకా వేగం పెంచకండి.

త్రాష్ మెటల్ (తీగల్ని అరచేత్తో అణచి వాయించే శైలి) వాయించి వచ్చినవాళ్లకి అరచెయ్యి తెలియకుండానే బ్రిడ్జి మీద వాలిపోతుంది. దాన్ని లేపండి, తీగలు పూర్తిగా మోగాలి. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) కూడా మీకు అలవాటైన దానికంటే తగ్గించండి, లేకపోతే రెండు స్వరాలూ ముద్దయిపోతాయి. (అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పక్కింటి పిన్నిగారు కూడా సంతోషిస్తారు.)

చెయ్యి కుదిరాక మెట్రోనోమ్ 120కి పెట్టండి. ఈ ఎనిమిది బార్లు రెండుసార్లు వాయిస్తే 32 సెకన్లు. వెంటనే క్లిక్‌ని 60కి దించి, మీ చెయ్యి మాత్రం అదే వేగంతో ఇంకో రెండుసార్లు వాయించండి. డ్రమ్మర్ బ్లాస్ట్ బీట్ (డ్రమ్ములు ఎడతెగకుండా మహా వేగంగా కొట్టే తాళం) ఆపి సగం వేగానికి దిగినప్పుడు జరిగేది ఇదే: గిటార్‌లో ఒక్క దెబ్బా మారలేదు, పాట మాత్రం వేరే చోట నిలబడింది. మూడో విడతలో డిస్టార్షన్ తీసేసి, అవే స్వరాల్ని ఒక్కొక్కటిగా మీటండి. ఒకే రిఫ్‌తో (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ ముక్క) నిమిషంన్నర పైనే నడిచింది. విసుగనిపిస్తే నాలుగో విడత కలపకండి, ఉన్న మూడింటి వరస మార్చి చూడండి.

వచ్చే పాఠానికి దీన్ని ఫోన్‌లో రికార్డు చేసి ఉంచుకోండి. దాని మీద కీబోర్డు పరుద్దాం. నాలుగు స్వరాలు చాలు.