పెద్ద షోరూం ఖాళీగా ఉందా? కిరాయి తగ్గించే ముందు కరెంటు బిల్లు తీయండి

హనుమకొండ, వరంగల్‌లలో ఖాళీ అయిన పెద్ద షోరూంలకు కిరాయిదారులను వెతికిపెట్టడం నా పని. ఇరవై వేల చదరపు అడుగుల భవనం ఏడాదిగా మూతపడి ఉంటే యజమాని ఫోన్ చేసి మొదట అడిగేది ఒకటే: "కిరాయి ఎంత తగ్గిద్దాం?" దయచేసి అప్పుడే తగ్గించకండి. బేరం ఎక్కడ ఆగుతోందో ముందు చూడండి.

చూడటానికే ఎవరూ రావడం లేదు

పెద్ద బ్రాండ్లకు స్థలాలు వెతికే వాళ్లు చాలావరకు హైదరాబాద్‌లో కూర్చుంటారు. నక్కలగుట్టలో మీరు కట్టిన టు-లెట్ బోర్డు వాళ్లకు కనపడదు. రోడ్డు వైపు ముఖం ఎన్ని అడుగులు, అంతస్తుకు ఎంత వైశాల్యం, సీలింగ్ ఎత్తు, సెల్లార్‌లో ఎన్ని కార్లు పడతాయి, ఇవన్నీ ఒక్క పేజీలో రాసి, లొకేషన్‌తో కలిపి పంపండి.

సమయం కూడా చూసుకోవాలి. బతుకమ్మ, దసరా అమ్మకాలకు షాపు తెరిచి ఉండాలని ప్రతి కంపెనీ కోరుకుంటుంది. ఇంటీరియర్ పనికి రెండు మూడు నెలలు పోతాయి. ఆషాఢంలో ప్రారంభం ఎవరూ పెట్టుకోరు. అందుకే సంక్రాంతి తర్వాత మాటలు మొదలుపెడితే శ్రావణంలో షట్టర్ లేస్తుంది.

వచ్చారు, నచ్చిందన్నారు, మళ్లీ ఫోన్ లేదు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. నయీంనగర్ వైపు మూడంతస్తుల భవనం ఒకటి, 24 వేల చదరపు అడుగులు. పాత బట్టల షోరూం ఖాళీ చేసి 14 నెలలైంది. మూడు కంపెనీలు వచ్చి చూసి వెళ్లాయి. కారణం కిరాయే అనుకుని రెండుసార్లు తగ్గించాం. నాలుగోసారి వచ్చిన వాళ్లతో ఒక ఇంజినీర్ ఉన్నాడు. మేం సెల్‌ఫోన్ టార్చ్ పట్టుకుని ఫస్ట్ ఫ్లోర్ చూపిస్తుంటే, "సార్, లోడ్ ఎంత ఉంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కిందికి వెళ్లి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఒక్కటే మిగిలింది.

జరిగింది ఇది. హెచ్‌టీ కనెక్షన్, అంటే పెద్ద లోడ్‌కు ఇచ్చే హై టెన్షన్ కరెంటు, పాత కిరాయిదారు పేరు మీద ఉంది. షాపు మూసినా బిల్లు ఆగదు. వాడినా వాడకపోయినా కాంట్రాక్ట్ డిమాండ్‌లో (ఒప్పందంలో రాసుకున్న గరిష్ఠ లోడ్‌లో) కనీసం 80 శాతానికి డిమాండ్ ఛార్జీ పడుతూనే ఉంటుంది. అది ఎవరూ కట్టలేదు. కనెక్షన్ తీసేశారు, ఒప్పందం రద్దయింది, బకాయి మిగిలింది. అడ్వాన్స్ మాత్రం అప్పటికే తిరిగి ఇచ్చేశాం.

కంపెనీకి ఇది ఎందుకంత ముఖ్యమో లెక్క వేసి చూడండి. 200 చదరపు అడుగులకు ఒక టన్ను ఏసీ చొప్పున 24 వేల అడుగులకు 120 టన్నులు. టన్నుకు 1.2 కిలోవాట్లు వేసుకున్నా ఏసీలకే దాదాపు 144 కిలోవాట్లు కావాలి. లిఫ్ట్, లైట్లు వేరే. ఇంటి పక్కన కిరాణా షాపు మీటరుతో ఇది నడవదు. కొత్త హెచ్‌టీ కనెక్షన్ అంటే ఎస్టిమేట్, ట్రాన్స్‌ఫార్మర్, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అనుమతి. దసరాకు తెరవాలనుకున్న వాళ్లు అంతకాలం ఆగలేరు. ఆ మాట మీతో అనరు కూడా. ఇంకో భవనం చూసుకుంటారు.

ఏం చేయాలంటే, బిల్లు మీది సర్వీస్ నంబర్ పట్టుకుని కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ ఆఫీసుకు మీరే వెళ్లండి. కనెక్షన్ బతికి ఉందా, ఎవరి పేరు మీద ఉంది, లోడ్ ఎంత, బకాయి ఎంత అని అడగండి. "అది పాతవాడి బాకీ, నాకేం సంబంధం" అని కూర్చోకండి. నిబంధనల్లో ఉంటే పాత బకాయి కట్టాకే కొత్త కనెక్షన్ అనే షరతు పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2023 మేలో చెప్పింది. కట్టేసి, కనెక్షన్ మీ పేరు మీదికి తెచ్చుకుని, ఆ తర్వాతే భవనం చూపించండి. లైట్లు వేసి చూపించండి. మేం అలా చేశాక, రెండోసారి తగ్గించిన కిరాయిని తిరిగి పెంచి మరీ ఇచ్చాం.

మరీ పెద్దదంటున్నారు

గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్ ఒకరికి, పైవి జిమ్‌కో కోచింగ్ సెంటర్‌కో ఇవ్వండి. పైవాళ్లకు మెట్లు, లిఫ్ట్, మీటర్ వేరుగా ఉండాలి. గ్రౌండ్ ఫ్లోర్‌ను మాత్రం చిన్న చిన్న మడిగెలుగా కొట్టకండి. రోడ్డు ముఖం ఒకసారి ముక్కలైతే పెద్ద కంపెనీ మళ్లీ అటు చూడదు.

మిగతావి

పాత కంపెనీ జీఎస్టీ రిజిస్ట్రేషన్, ట్రేడ్ లైసెన్స్ ఇంకా మీ చిరునామా మీదే ఉంటే రద్దు చేయించండి. కిరాయి మీద 18 శాతం జీఎస్టీ అదనమా, కలిపా అన్నది మొదటి మాటలోనే తేల్చండి. వాస్తు వల్ల ఆగిన బేరం నాకు ఒక్కటే తగిలింది, అది గుమ్మం మార్చితే సరిపోయింది.

ఈసారి ఇచ్చే అగ్రిమెంట్‌లో ఒక వాక్యం రాయించండి: కరెంటు బాకీ ఏమీ లేదనే నో-డ్యూస్ కాగితం చేతికి వచ్చాకే అడ్వాన్స్ వాపసు.