వేలం పాటలకు సొంత వెబ్‌సైట్: పేరు ఎవరి పేరు మీద ఉంది?

గత నెలలో ఒక ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు కడప నుంచి ఫోను వచ్చింది. పాత నాణేలు, స్టాంపులు వేలం వేసే మిత్రుడు. ఆ రాత్రి పది గంటలకు అతని సైట్‌లో నలభై లాట్ల (వేలం వస్తువుల) పాట ముగియాలి. "అన్నా, సైట్ తెరిస్తే ఎవరిదో ప్రకటన వస్తోంది. ఈ పేరు గడువు తీరిందని రాసి ఉంది" అన్నాడు. మాట తడబడుతోంది. నేను కర్నూలులో నా ఫోనులో తెరిచి చూశాను. నిజమే. పేరంటే సైట్ చిరునామా, డొమైన్ అంటారే, అది.

మర్నాడు బస్సెక్కి వెళ్లాను. ఏడురోడ్ల కూడలి దగ్గరి అంగడిలో కూర్చుని, మూడేళ్ల నాటి బిల్లు వెతికి తీయించాను. పసుపు రంగు కాగితం. "వెబ్‌సైట్, పేరు, స్థలం, డిజైన్, మూడేళ్లకు అన్నీ కలిపి" అని నీలి సిరాతో రాసి కింద సంతకం చేసి ఉంది. స్థలమంటే సైట్‌ను ఉంచే చోటు, హోస్టింగ్. ఆ సంతకం చేసిన కుర్రాడు బెంగళూరు వెళ్లి రెండేళ్లయింది. బిల్లు మీది నంబరుకు ఫోను చేస్తే ఎవరో పళ్ల వ్యాపారి ఎత్తారు.

దసరా దగ్గర పడుతోంది. వాట్సాప్ గ్రూపుల్లో, పెద్ద సైట్లలో పాటలు ఆపేసి సొంత సైట్‌కు మారే పనిలో ఉన్నవారు ఈ చుట్టుపక్కల నాకు తెలిసి నలుగురున్నారు. ఒకరివి ధర్మవరం చీరలు, ఒకరివి నిమ్మలకుంట తోలుబొమ్మలు, మిగతా ఇద్దరివి నాణేలు. వారి కోసమే ఇది రాస్తున్నాను. ఫొటోలు బాగుండాలి, సైట్ ఫోనులో సరిగ్గా కనిపించాలి వంటివి ఎవరైనా చెబుతారు. నేను చెప్పను.

మారడం తప్పని అనడం లేదు, నేనూ మారినవాడినే. 2018 ఆగస్టులో ఈబే ఇండియా సైట్ మూతపడినప్పుడు, ఏళ్ల తరబడి కూడబెట్టిన మంచి పేరును మూటగట్టుకుని మరోచోటికి మోసుకుపోలేమని నాకు అర్థమైంది. అద్దె ఇంటికి ఎంత సున్నం వేసినా ఇల్లు యజమానిదే. అయితే సొంతమనుకుని మేడ కట్టాక, స్థలం పట్టా ఇంకొకరి పేరు మీద ఉందని తేలితే అంతకంటే అద్దె ఇల్లే నయం. అక్కడ కనీసం అద్దె అని తెలిసి ఉంటాం.

పేరు

నేను చూసినంతలో ఈ వ్యాపారంలో దెబ్బతిన్నవారు హ్యాకర్ల వల్ల దెబ్బతినలేదు. సైట్ చేసిపెట్టిన మనిషి ఈమెయిల్‌తో, అతని ఫోను నంబరుతో సైట్ పేరు కొనడం వల్ల దెబ్బతిన్నారు. అతను మోసగాడు కానక్కర లేదు. కడప కుర్రాడూ మోసగాడు కాదు. మర్చిపోయాడు, అంతే.

డాట్ కామ్ పేరు గడువు తీరిన రోజే గాలిలో కలిసిపోదు. పేర్లు అమ్మే రిజిస్ట్రార్ సంస్థను బట్టి గరిష్ఠంగా 45 రోజుల దాకా మామూలు రుసుముతోనే మళ్లీ తీసుకునే వీలుంటుంది. అది దాటితే 30 రోజుల విమోచన గడువు, దానికి అదనపు రుసుము. ఆ తర్వాత 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. అదీ అయిపోతే ఎవరైనా కొనుక్కోవచ్చు. గడువు తీరిన పేర్లను కొన్ని సంస్థలు ఈ లోపే వేలం వేస్తాయి కూడా. వేలం వ్యాపారి పేరే వేలానికి రావడం చూడాలంటే గుండె ధైర్యం కావాలి.

మరి ముందుగా ఎవరూ హెచ్చరించరా? హెచ్చరిస్తారు. గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, తీరాక 5 రోజుల లోపు ఇంకోసారి రిజిస్ట్రార్లు ఉత్తరం పంపాలన్నది ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ నిబంధన. మిత్రుడి విషయంలోనూ ఉత్తరాలు వెళ్లాయి, ఆ కుర్రాడు చూడటం మానేసిన పాత ఈమెయిల్‌కు.

అక్కడితో ఆగలేదు. మిత్రుడి వ్యాపార ఈమెయిల్ కూడా అదే పేరు మీద ఉంది. పేరు పోగానే ఈమెయిల్ పోయింది. కొన్నవారి డబ్బు మన ఖాతాకు చేర్చే పేమెంట్ గేట్‌వే పాస్‌వర్డ్ మార్చాలంటే ఆ ఈమెయిల్‌కే కోడ్ వస్తుంది. తాళం చెవి బీరువాలో, బీరువాకు తాళం.

కుర్రాడి ఆచూకీ పట్టుకుని, అతని గుర్తింపు పత్రాలు పంపించి, పేరు తిరిగి తెచ్చుకోవడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ రాత్రి పాటలో అన్నిటికన్నా పైన ఉన్నది 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి. దాని విలువ నాణేలవారికి వేరే చెప్పనక్కర లేదు. దాని మీద ఐదుగురు పాడారు. సైట్ వచ్చాక ఇద్దరే తిరిగి వచ్చారు. మిగతా ముగ్గురిలో ఒకరు ఫోనులో అన్న మాట మిత్రుడు నాకు రెండుసార్లు చెప్పాడు: "అనుకున్న ధర రాలేదని సైట్ మూసేశారు కదా?"

కాబట్టి కొనేటప్పుడు పక్కన కూర్చోండి. రిజిస్ట్రార్ ఖాతా మీ ఈమెయిల్‌తో, మీ ఫోనుతో, మీ కార్డుతో తెరవండి. ఆ ఈమెయిల్ మీరు కొంటున్న పేరు మీదిది కాకూడదు, విడిగా ఉన్నది కావాలి. ఇప్పటికే వేరొకరి ఖాతాలో ఉంటే పండగ దాకా ఆగవద్దు. బదిలీ కోడ్ అడిగి మీ ఖాతాలోకి తెచ్చుకోండి. కొత్తగా కొన్న పేరును సాధారణంగా 60 రోజుల దాకా ఇంకో రిజిస్ట్రార్‌కు మార్చనివ్వరు, అది లెక్కలో పెట్టుకోండి. స్థలం కొనేముందు ఈసీ తీయిస్తాం కదా, అలాగే 'హూ ఈజ్' అనే సేవలో మీ సైట్ పేరు వెతికి చూడండి. యజమాని వివరాలు చాలాసార్లు దాచి ఉంటాయి గానీ గడువు తేదీ, రిజిస్ట్రార్ ఎవరన్నదీ కనిపిస్తాయి. ఆ తేదీని క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాసుకోండి. "నా దగ్గరే భద్రంగా ఉందిలే సార్" అని ఎవరైనా అంటే, లాగిన్ అయి చూపించమనండి.

పాట నడిచే తీరు

వినాయక చవితి లడ్డూ వేలంలో ఒకటోసారి, రెండోసారి అని ఆగి, కొత్త పాట వస్తే మళ్లీ మొదటికి వెళతారు. మీ సైట్ కూడా అలాగే చేయాలి. చివరి రెండు నిమిషాల్లో పాట వస్తే ముగింపు సమయం ఇంకో రెండు నిమిషాలు పెరగాలి. లేకపోతే ఆఖరి క్షణంలో మీట నొక్కినవాడిదే సరుకు, మీకు రావలసిన ధర రాదు.

సర్వర్ గడియారం చూసుకోండి. నా మొదటి వేలాన్ని రాత్రి పది గంటలకు ముగిసేలా పెట్టాను. సర్వర్ గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉంది. పాట తెల్లవారుజామున మూడున్నరకు ముగిసింది. అప్పటిదాకా మేలుకుని ఉన్న ఒకే ఒక్కడు నా బేరాలన్నీ ఎగరేసుకుపోయాడు. తప్పు నాది, సరుకు ఇచ్చేశాను.

ఇంకో సంగతి పైకి కనిపించదు. పెద్ద సైట్లలో కొనేవారు తమ గరిష్ఠ ధర ముందే రాసి పెడతారు, అక్కడిదాకా వారి తరఫున సైటే పాడుతుంది, ఆ ధర అమ్మేవారికి కనిపించదు. సొంత సైట్‌లో అమ్మేదీ మీరే, లెక్కల పుస్తకం ఉండేదీ మీ దగ్గరే. తలుచుకుంటే ఆ గరిష్ఠ ధర మీరు చూడవచ్చు. ఆ సంగతి కొనేవారికీ తెలుసు. బావమరిదితో ఒక పాట పాడించి ధర అక్కడిదాకా ఎక్కించాలన్న ఆశ పుడుతుంది. వద్దు. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 64వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాడికి పాడే హక్కు ఉందని ముందే ప్రకటించకపోతే అతను గానీ అతని తరఫున ఇంకొకరు గానీ పాడటం చెల్లదు, కొన్నవాడు ఆ అమ్మకాన్ని మోసంగా పరిగణించవచ్చు. ధర నిలబడాలంటే ఇంతకు తక్కువైతే ఇవ్వనని రిజర్వు ధర పెట్టుకోండి, ఉందని సైట్‌లో రాయండి. అదే సెక్షన్ ప్రకారం పాట ముగిసిందని ప్రకటించేదాకా పాడినవాడు వెనక్కి తీసుకోవచ్చు. దానికి మీ నియమం ఏమిటో తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా రాసి పెట్టండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో

- పాత సైట్ ఖాతా మూసేయవద్దు. కనీసం రెండు పండగ సీజన్లు పాతదీ కొత్తదీ రెండూ నడవనివ్వండి. మిత్రుడు మూసేశాడు, అందుకే ఆ ఇరవై మూడు రోజులు అంగడిలో ఈగలు తోలుకున్నాడు.
- పాత సైట్‌లో కొన్నవారి పార్సిళ్లలో "ఇకపై నేరుగా కొనండి" అని చీటీలు పెట్టవద్దు. సైట్ బయట బేరాలు కుదరవని అక్కడి నియమాల్లో ఉంటుంది. ఖాతా పోతుంది.
- తెరవడానికి వారం ముందు ఇంట్లో నాలుగు ఫోనులు పంచి, ఒకే లాట్ మీద ఒకే క్షణంలో అందరితో పాడించండి. ఇద్దరికి "మీదే హెచ్చు పాట" అని వస్తే సైట్ తెరవవద్దు.
- పాట పేజీకి క్యాష్ (పేజీ పాత కాపీని దాచి చూపించే ఏర్పాటు) పెట్టవద్దు. పాత ధర చూసి పాడినవాడు మిమ్మల్నే దొంగ అంటాడు.
- "మీ పాటను ఇంకొకరు దాటారు" అనే ఈమెయిల్ స్పామ్‌లో పడితే వేలం చచ్చినట్టే. ఈమెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ పెట్టారా అని సైట్ చేసే మనిషిని అడగండి. అవి ఏమిటని అతను మిమ్మల్నే అడిగితే మనిషిని మార్చండి.
- పేరు ఎవరి పేరు మీద ఉంది? మళ్లీ అడుగుతున్నాను.
- గేట్‌వే ఖాతా మీ పాన్‌తో, మీ కరెంట్ ఖాతాతో. తమ్ముడిది వద్దు, మిత్రుడిది వద్దు.
- స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపవద్దు. బ్యాంకు ఖాతాలో పడిందా లేదా చూడండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నవాడు దొంగ.
- రాష్ట్రం దాటి సరుకు అమ్మితే అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ నమోదు కావాలి. కొన్ని చేతివృత్తుల వస్తువులకు సడలింపు ఉంది. తోలుబొమ్మలవారు ఆడిటర్‌ను అడగండి.
- పక్క వ్యాపారి సరుకు మీ సైట్‌లో పెట్టి, డబ్బు మీరు వసూలు చేసి అతనికి ఇస్తే మీరు ఈ-కామర్స్ ఆపరేటర్. టీసీఎస్ (అతని అమ్మకం మీద మీరు పట్టి కట్టాల్సిన జీఎస్టీ పన్ను) పట్టాలి. 2024 జులై 10 నుంచి అది 0.5 శాతం. మొదటి ఏడాది పరాయి సరుకు జోలికి పోవద్దు.
- ఫిర్యాదులు చూసే మనిషి పేరు, ఫోను సైట్‌లో ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి.
- వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. 1972 చట్టం ప్రకారం వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం నేరం. గండికోట పొలంలో దొరికిన వరహా అని ఎవరు తెచ్చినా అంగడి మెట్టు ఎక్కనివ్వవద్దు. భూమిలో దొరికిన నిధి సంగతి కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది.
- తొలకరికి జొన్నగిరిలో వజ్రాలని ఏరిన రాళ్లు వేలానికి పెట్టవద్దు. ఎంత మెరిసినా సరే.
- రోజూ బ్యాకప్. నెలకోసారి ఆ బ్యాకప్‌తో సైట్‌ను వేరే చోట నిలబెట్టి చూడండి. నిలబడనిది బ్యాకప్ కాదు.
- అడ్మిన్ పాస్‌వర్డ్ రాసిన కాగితం ఇంట్లో ఒకరికి తెలియాలి. మీరు ఆసుపత్రిలో ఉన్నా పాట ముగుస్తుంది.
- డిజైన్ చేసిన మనిషికి మిగిలిన డబ్బు ఇచ్చేముందు: పేరు ఎవరి పేరు మీద ఉంది? లాగిన్ చూపించాకే ఇవ్వండి. చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి.
- పాత సైట్‌లో మీకున్న మంచి పేరు కొత్తచోట సున్నా. మొదటి పది లాట్లు తక్కువ ధర సరుకు పెట్టండి. 1939 రూపాయి పదకొండో లాట్‌కు.
- ముహూర్తం చూసుకుంటే చూసుకోండి, నేను కాదనను. ఆదివారం రాత్రి మాత్రం తెరవవద్దు. హోస్టింగ్ వారి దగ్గర ఆ వేళ ఫోను ఎత్తేవాళ్లుండరు.