చిప్ మీద యాంటీబాడీ అతికించడం: సిక్కోలు నుంచి స్లాట్‌కి వెళ్లేవాళ్ల కోసం

ఎస్‌పీఆర్ యంత్రం (ఒక అణువుని చిప్ మీద అతికించి, రెండోదాన్ని పైనుంచి పంపి, రెండూ ఎంత గట్టిగా పట్టుకుంటాయో కొలిచేది) దగ్గర్లో లేకపోవడంతో విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్లాట్ తీసుకునేవాళ్లకి అసలు పని యంత్రం ముందు కూర్చోకముందే ఉంటుంది. ఉదాహరణకి సిస్టాటిన్ సి, దాని యాంటీబాడీ తీసుకుందాం. కిడ్నీ వడపోత ఎలా ఉందో చెప్పే ప్రోటీను ఇది. ఉద్దానం ఉన్న జిల్లాలో దీన్నే ఎందుకు ఎంచుకున్నామో వేరే చెప్పక్కర్లేదు.

ముందు ఏది అతికించాలో తేల్చుకోండి. యాంటీబాడీనే అతికించండి. సిస్టాటిన్ సి అతికించి పైనుంచి యాంటీబాడీ పంపితే, అది రెండు చేతులతో పట్టుకుని ఊడిరాదు. కేడీ (పట్టు ఎంత బలమో చెప్పే సంఖ్య) ఉన్నదానికంటే ఎంతో బలంగా కనిపిస్తుంది.

ఎంత అతికించాలన్నది లెక్క. యాంటీబాడీ 150 కిలోడాల్టన్లు, సిస్టాటిన్ సి సుమారు 13.3, పట్టుకునే చోట్లు రెండు. గరిష్ఠ స్పందన 50 ఆర్‌యూ (యంత్రం స్పందనని చూపే కొలత) చాలనుకుంటే 50 × 150 ÷ (13.3 × 2), అంటే దాదాపు 280 ఆర్‌యూ. అతికాక కొంత యాంటీబాడీ పనిచేయదు కాబట్టి 400–500 దాకా వెళ్లొచ్చు. చిప్ ఖరీదు కదా అని 5,000 ఎక్కించారో, కైనెటిక్స్ (పట్టుకునే, ఊడే వేగాల లెక్క) అక్కడే పాడవుతుంది.

యాంటీబాడీ అతికేలా చిప్‌ని యాక్టివేట్ చేసే రసాయనాలు ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్. ఈడీసీకి తేమ పడదు, మన తీరంలో ఉక్కపోతకి కొదవలేదు. ఫ్రీజర్లోంచి తీసిన సీసా గది వేడికి వచ్చేదాకా మూత తియ్యకండి, చల్లటి పొడి మీద గాలిలోని తేమంతా చేరుతుంది. 76.7 మిల్లీగ్రాములు తూచి చిన్న ట్యూబులో వేసి, పారాఫిల్మ్ చుట్టి, సిలికా జెల్‌తో పాటు పట్టుకెళ్లండి. నీళ్లలో కలిపి మోసుకెళ్లొద్దు. అక్కడ ఒక మిల్లీలీటరు నీటిలో కలిపితే 0.4 మోలార్ వస్తుంది. ఎన్‌హెచ్‌ఎస్ 0.1 మోలార్‌కి మిల్లీలీటరుకి 11.5 మిల్లీగ్రాములు.

యాంటీబాడీ ఏ బఫర్లో ఉందో లేబుల్ చూడండి. ట్రిస్, గ్లైసిన్, సోడియం అజైడ్, నిలవకి కలిపిన బీఎస్‌ఏ అనే ప్రోటీను, ఇవేవీ పనికిరావు. ప్రోటీను చిప్‌కి అతికేది తన అమైన్ గుంపుతోనే. ట్రిస్‌కీ గ్లైసిన్‌కీ కూడా అమైన్ ఉంది, మీ ప్రోటీను కూర్చోవలసిన చోట అవే కూర్చుంటాయి. బీఎస్‌ఏ అయితే యాంటీబాడీ కంటే ముందే చిప్ ఎక్కేస్తుంది. డీసాల్టింగ్ కాలమ్‌లో బఫర్ మార్చుకోండి.

ఎక్కువమంది పప్పులో కాలేసేది పీహెచ్ దగ్గర. సీఎం5 (మనం వాడే చిప్ రకం) మీది కార్బాక్సిల్ గుంపులకి పీహెచ్ 3.5 పైన రుణావేశం ఉంటుంది. ప్రోటీను తన పీఐ (మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) కంటే తక్కువ పీహెచ్‌లో ధనావేశంతో ఉంటుంది. ఆ ఆకర్షణే దాన్ని చిప్ దగ్గరికి చేరుస్తుంది. అది లేకపోతే రసాయనం ఎంత బాగున్నా దగ్గరికి రాని ప్రోటీను అతకదు. 10 మిల్లీమోలార్ సోడియం అసిటేట్ 4.0, 4.5, 5.0, 5.5 పీహెచ్‌లతో నాలుగు సీసాలు చేసి 0.22 మైక్రాన్ ఫిల్టర్లో వడకట్టండి. యాక్టివేట్ చేయని (ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ ఇంకా పంపని) చిప్ మీద ఒక్కోదాంట్లో యాంటీబాడీని మిల్లీలీటరుకి 10 మైక్రోగ్రాముల చొప్పున రెండు నిమిషాలు పంపి చూడండి. బాగా లాగేవాటిలో పీహెచ్ ఎక్కువున్నది ఎంచుకోండి, ఆమ్లం తగ్గితే ప్రోటీనుకి మంచిది, అమైన్‌కీ మంచిది. నాలుగింటిలోనూ లాగలేదంటే ముందు ఉప్పునే అనుమానించండి. పీబీఎస్ అనే ఉప్పు బఫర్లోంచి తీసి కొంచెమే పలచన చేసుంటే ఆ ఉప్పే ఆకర్షణని చంపేస్తుంది.

ఇక అతికించడం. రన్నింగ్ బఫర్ (చిప్ మీదుగా ఎప్పుడూ పారేది) హెచ్‌బీఎస్-ఈపీ, ప్రవాహం నిమిషానికి 10 మైక్రోలీటర్లు. ఈడీసీ, ఎన్‌హెచ్‌ఎస్ సమపాళ్లలో అప్పటికప్పుడే కలిపి 7 నిమిషాలు పంపండి. బేస్‌లైన్ (బఫర్ ఒక్కటే పారేటప్పటి స్పందన) ముందున్నదానికంటే వంద ఆర్‌యూకి పైగా లేవాలి. కదలకపోతే ఈడీసీ చచ్చిందన్నమాట, యాంటీబాడీ వృథా చేయకండి. మనకి తక్కువే కావాలి కాబట్టి యాంటీబాడీని మిల్లీలీటరుకి 5 మైక్రోగ్రాములకి పలచన చేసి, నిమిషం చొప్పున పంపుతూ లక్ష్యం దగ్గర ఆపండి. తరవాత 1 మోలార్ ఇథనోలమైన్, పీహెచ్ 8.5, 7 నిమిషాలు. మిగిలిన ఎస్టర్లని (యాక్టివేట్ అయి ఖాళీగా ఉన్న చోట్లని) అది మూసేస్తుంది, ఊరికే అంటుకున్న ప్రోటీనుని కడిగేస్తుంది. అందుకే ఎంత అతికిందో దీని తరవాతే చూడాలి. పక్క ఫ్లో సెల్‌కి (చిప్ మీది ఇంకో గదికి) యాంటీబాడీ తప్ప మిగతావన్నీ పంపండి, పోల్చి చూసుకోవడానికి అది రిఫరెన్స్.

రీజనరేషన్‌కి, అంటే పట్టుకున్న సిస్టాటిన్ సిని ఊడదీయడానికి, 10 మిల్లీమోలార్ గ్లైసిన్, పీహెచ్ 2.5, 30 సెకన్లతో మొదలుపెట్టండి. సరిపోకపోతేనే 2.0కి దిగండి. ప్రతి సైకిల్‌కీ బేస్‌లైన్ పెరుగుతుంటే సిస్టాటిన్ సి ఇంకా ఊడలేదు. బేస్‌లైన్ కదలకుండా స్పందన తగ్గుతుంటే యాంటీబాడీ దెబ్బతింటోంది, ఆమ్లం తగ్గించండి. ఇది తేలాక సిస్టాటిన్ సిని ఒకే గాఢతలో నిమిషానికి 30, 75 మైక్రోలీటర్ల వేగాలతో పంపి చూడండి. వేగంతో పాటు ఎక్కే వాలు మారితే చిప్ మీద యాంటీబాడీ ఇంకా ఎక్కువే ఉంది. వేరే ఫ్లో సెల్ తీసుకుని 200 ఆర్‌యూతో మళ్లీ అతికించండి.