కారు కిందికి దించుతున్నరా? షాకబ్జర్లు ఇట్ల చూసుకోండ్రి

పోలో జీటీ, ఆక్టేవియా ఆర్ఎస్ లాంటి బండ్లు ఉన్న మా నల్లగొండ తమ్ముళ్లు అడిగేది ఒకటే, అన్నా లోవరింగ్ స్ప్రింగ్స్ వేపిస్తున్న, షాక్స్ పాతయే ఉంచొచ్చా అని. ఉంచకుండ్రి. నేను ఉంచి చూసిన, 8 నెలలకే వెనక రెండిట్ల నుంచి ఆయిల్ కారుడు మొదలైంది, నార్కట్‌పల్లి కాడ హైవే ఎక్కి బ్రిడ్జి జాయింట్ దాటితే చాలు బండి మూడు సార్లు ఊగేది.

లోవరింగ్ స్ప్రింగ్ పొట్టిగ ఉంటది, గట్టిగ కూడ ఉంటది. నొక్కుకున్నంక అంతే జోరుగ పైకి తంతది, ఆ తన్నుడును పట్టుకునేది షాక్‌ల ఉండే రీబౌండ్ డాంపింగ్, కంపెనీ షాక్‌ల అది పాత స్ప్రింగ్‌కు సరిపోయేటంతే పెడతరు. పైగా బండి ముందు 30 మిల్లీమీటర్లు దిగితే స్ట్రట్ (ముందు షాక్) రాడ్ కూడ దాదాపు అంత లోపలికి పోయి కూసుంటది, గుంత రాంగనే బంప్ స్టాప్‌కు, అంటే షాక్ ఆఖరిదాకా నొక్కుకుంటే ఆపే రబ్బరు ముక్కకు, కొడతది.

కాబట్టి బ్రాండ్ కంటే ముందు ఎంత జాగ మిగిలిందో చూడాలె. షాక్ రాడ్ మీద మట్టి పడకుండ ఉండే బూటు (తొడుగు) పైకి జరిపి, రాడ్‌కు ఒక జిప్ టై (ప్లాస్టిక్ కట్టు) కట్టి కింద షాక్ బాడీకి ఆనించండ్రి, వారం రోజులు మీరు రోజూ పోయే రోడ్డు మీదనే నడపండ్రి. టై ఎంత పైకి జరిగిందో షాక్ అంత నొక్కుకున్నట్టు. ఇప్పుడే బంప్ స్టాప్ దాకా పోతుంటే 30 మిల్లీమీటర్లు దించుడు మనకు కాదు. స్పీడ్ బ్రేకర్ రూల్ ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలె, ఊర్లల్ల ఇంటి ముందు పోసుకున్నయి గోడల్లెక్క నిలబడి ఉంటయి, అది కూడ లెక్కల పెట్టుకోండ్రి.

ఇగ షాక్స్ సంగతి. బిల్‌స్టీన్ కంపెనీ షాక్స్‌ల బీ6 మామూలు ఎత్తుకు, బీ8 దించిన బండికి, రాడ్ పొట్టిగ చేసి ఇస్తరు. చానామంది బీ6 చవకగ దొరికిందని తెచ్చుకుంటరు, వద్దు. బండిని స్టాండ్ల మీద పెట్టి చక్రం వేలాడుతున్నప్పుడు స్ప్రింగ్‌ను చేత్తో ఊపి చూడండ్రి, వదులుగ ఆడిందంటే షాక్ పొడుగెక్కువైనట్టు. బీ8 మోనోట్యూబ్, అంటే ఒకటే గొట్టం, అండ్ల గ్యాసు, ఆయిలు వేర్వేరుగ ఉంటయి కాబట్టి వేడెక్కినా నురగ రాదు, కానీ చిన్న గుంతలు కొంచెం తెలుస్తయి. కోనీ కంపెనీ పసుపు రంగు స్పోర్ట్ షాక్‌ల రీబౌండ్ ఎంత గట్టిగ ఉండాల్నో మనమే తిప్పి పెట్టుకోవచ్చు, నాకైతే మన రోడ్లకు ఇదే నచ్చింది, కొన్ని మోడళ్లల్ల వెనకవి విప్పితే గానీ తిప్పరాదు. మొత్తం లూజు కాడ మొదలుపెట్టి పావు చుట్టు చొప్పున పెంచండ్రి. మరీ టైట్ చేస్తే వరుస గుంతల మీద చక్రం కిందికి దిగేలోపే ఇంకో గుంత వస్తది, బండి మెల్లమెల్లగ బంప్ స్టాప్ మీదికి కూలబడతది.

స్ప్రింగ్ కోసి దించుదామని ఎవరన్న అంటే ఆ షాపుల నుంచి లేచి రాండ్రి.

ఫిట్టింగ్ నాడు టాప్ మౌంట్లు (షాక్‌ను పైన బాడీకి పట్టి ఉంచేయి), బేరింగులు, బూట్లు కొత్తయే వేపించండ్రి, మల్ల విప్పే కూలి మిగులుతది. సస్పెన్షన్ జాయింట్లల్ల ఉండే రబ్బర్ బుష్‌ల బోల్టులు బండి బరువు చక్రాల మీద పడ్డంకనే ఫైనల్ టైట్ చేయించండ్రి, గాల్ల ఉండంగ బిగిస్తే బుష్ మెలిపడి తొందరగ చినుగుతది. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52 మార్పుల గురించే, అది చదివి ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే చెప్పండ్రి. 500 కిలోమీటర్లు తిరిగినంక స్ప్రింగ్స్ సెటిల్ అయితయి, అప్పుడు అలైన్‌మెంట్, హెడ్‌లైట్ ఎత్తు సరిచేయించి, అదే జిప్ టై మల్లొకసారి కట్టి చూడండ్రి.